అన్నేళ్ళు నడిచిన రేడియో కార్యక్రమాలు – వాటికి అంత పట్టు ఎక్కడిది?

మైకు_పిచ్చోడు (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. పాడ్‌కాస్టులు ఎడిట్ చేయడం నా వృత్తి. మాట్లాడేవాళ్ళ దగ్గర విషయం ఉంటుంది, మైకులు మంచివే ఉంటాయి, డబ్బూ పెడతారు. ఐదారు నెలలు గడిచేసరికి "చిన్న విరామం తరవాత మళ్ళీ కలుద్దాం" అంటారు. ఇక కలవరు.

ఇంకోపక్క ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని చూడండి. మా అమ్మమ్మ విన్నది, మా అమ్మ విన్నది. బాలానందం, ధర్మసందేహాలు, జనరంజని, సంక్షిప్త శబ్దచిత్రం, కార్మికుల కార్యక్రమం... మా ఇంట్లో పెద్దవాళ్ళు వీటి పేర్లు మేనమామల పేర్లు చెప్పినట్టు చెబుతారు. "పాత రోజులే వేరు" అనే జవాబు నాకు పనికిరాదు. ఏం చేస్తే జనం అన్నేళ్ళు విన్నారు? తెలిసినవాళ్ళు చెప్పండి.

పద్మజ_తెనాలి
బాబూ, ముందు టైము సంగతి చూడు. మా ఇంట్లో గోడ గడియారం ఉండేది కానీ పొద్దున్నపూట దాని మొహం ఎవరూ చూసేవాళ్ళు కాదు. 6:45కి ప్రాంతీయ వార్తలు. 6:55కి "ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతాం, ప్రవాచకః బలదేవానంద సాగరః". 7 గంటలకు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. సంస్కృతం మొదలయ్యేసరికి రెండు జడలూ అయిపోవాలి, ఢిల్లీ వార్తలు ముగిసేలోపు క్యారేజీలు సర్దేయాలి. లేటయితే అమ్మ "టైమెంతయిందో చూడు" అనేది కాదు, "సంస్కృతం వచ్చేసింది" అనేది.

ఆ వార్తల్లో ఏం చెప్పారో మా ఇంట్లో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. అయినా మా తమ్ముణ్ణి అర్ధరాత్రి లేపి అడిగినా ఆ మొదటి వాక్యం అప్పజెప్పేవాడు. 1974లో మొదలైన బులెటిన్ అది. అర్థం కాకపోయినా రోజూ విన్నామంటే అది వార్తల గొప్పా, వేళ గొప్పా?

మీ పాడ్‌కాస్టు ఎప్పుడొస్తుందో చేసేవాళ్ళకే తెలియదు. ఇక నేను దేనికోసం ఎదురుచూడను?

నిక్కచ్చి_నాగు (విశాఖ)
అందరూ మురిసిపోయేముందు ఒక చేదు మాట. అప్పట్లో వినడానికి ఇంకేముంది? హైదరాబాద్‌కి టీవీ వచ్చిందే 1977లో. పల్లెల్లోకి చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఇంట్లో ఒకటే రేడియో, దానికి పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము. కట్టినందుకైనా వింటారు కదా. పోటీ లేనిచోట నిలబడటం పెద్ద ఘనత కాదు. ఇవాళ అదే భక్తిరంజనిని యాభై యాప్‌ల మధ్య పెడితే ఎంతమంది నొక్కుతారో చూద్దాం.

సిలోన్_అభిమాని (నెల్లూరు)
నాగు గారూ, పోటీ లేదని ఎవరన్నారండీ? 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చాక ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర పడింది. శాస్త్రీయ సంగీతం వినిపిస్తే జనం అభిరుచి బాగుపడుతుందని ఆయన నమ్మకం. జనం బాగుపడలేదు, ముల్లు కొలంబో వైపు తిప్పేశారు. అదే ఏడాది డిసెంబరులో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మొదలుపెట్టారు. బుధవారం రాత్రి 8 గంటలకు. షార్ట్‌వేవ్‌లో గొంతు ఒకసారి దగ్గరికొస్తుంది, ఒకసారి సముద్రంలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది. అలా చెవి రిక్కించి విన్నారు జనం. చివరికి సర్కారే దిగొచ్చి 1957 అక్టోబరు 3న సినిమా పాటల కోసం వివిధ భారతి పెట్టాల్సొచ్చింది. దీన్ని పోటీ అనకపోతే ఏమంటారు?

గీత్‌మాలా 1989లో వివిధ భారతికి మారింది, మొత్తం మీద నాలుగు దశాబ్దాలు లాగింది. హిందీ సరిగ్గా రాని మా నాన్న కూడా వినేవారు. ఏ పాట ఏ మెట్టు మీదుంది, పోయినవారం పైనున్నది ఈ వారం ఎందుకు జారింది అన్నదే ఆయన ధ్యాస. పాటలు అందరికీ తెలిసినవే, తెలియనిది వరస ఒక్కటే. దాంతో వచ్చే బుధవారం దాకా కట్టిపడేసేవారు. పైగా సయానీ గారు "బెహనో ఔర్ భాయియో" అని అక్కచెల్లెళ్ళని ముందు పిలిచేవారు. మా మేనత్త దానికే పడిపోయింది.

తెలుగు పాటలకైతే సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారు. మా నెల్లూరు వైపు ఆ పేరు చెబితే ఇప్పటికీ మొహాలు విప్పారే పెద్దవాళ్ళున్నారు.

బోధన్_బిడ్డ (నిజామాబాద్)
అందరు విజయవాడ, కొలంబో అనుకుంటనే ఉన్నరు. మా హైదరాబాద్ రేడియో ముచ్చట ఎవ్వరు చెప్పరా? దక్కన్ రేడియో అని నిజాం కాలంల నుంచే ఉన్నది. 1935ల నిజాం సర్కారు చేతికొచ్చింది, 1950 ఏప్రిల్‌ల ఆకాశవాణిల కలిసింది. ఉర్దూల 'నైరంగ్' ప్రోగ్రాం వస్తుంటె మా బాపు బీడీ ఆర్పి మరీ కూసునేటోడు.

మా బాపు షుగర్ ఫ్యాక్టరీల పనిచేసేటోడు. కార్మికుల కార్యక్రమం అంటె మా ఇంట్ల అందరికి పానం. అందుల మాట్లాడే చిన్నక్క, ఏకాంబరం గుర్తున్నరా ఎవరికన్న? పీఎఫ్ అంటె ఏంది, ఈఎస్ఐ కార్డు ఎందుకు దాచుకోవాలె, మిషిన్ కాడ జాగ్రత్త ఎట్లుండాలె, ఇసొంటివన్ని వాళ్ళు కొట్లాడుకుంట, నవ్వుకుంట చెప్పేటోళ్ళు. సూపర్‌వైజర్ చెప్తె మా బాపు ఒక చెవితోటి ఇని ఇంకో చెవితోటి ఇడిసేటోడు. అదే మాట చిన్నక్క అంటె పొద్దున లేసి పక్కింటాయనకు గూడ చెప్పొచ్చేటోడు. "చిన్నక్క చెప్పింది" అంటె ఇగ దాని మీద అప్పీలు లేదు.

గా బాస కూడ ఒక కారణమే. పుస్తకాల తెలుగు గాదు, మేం ఇంట్ల మాట్లాడినట్టె ఉండేది.

తెరవెనుక_మేనల్లుడు (విజయవాడ)
పనితనం అడిగారు కాబట్టి కాస్త పెద్ద పోస్టు పెడుతున్నా, ఓపికుంటే చదవండి.

మా మేనమామ విజయవాడ కేంద్రంలో క్యాజువల్ నాటక కళాకారుడు. ఉద్యోగి కాదు, ఆడిషన్ పాసై గ్రేడు తెచ్చుకున్నవాడు. అక్కడ బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులుంటాయి. బి హై వచ్చిన రోజు మా ఇంట్లో పాయసం వండారు. కాంట్రాక్టు కవరు పోస్టులో రాగానే ఇంటిల్లిపాదికీ హుకుం జారీ అయ్యేది: ఆ వారం చల్లటి మజ్జిగ ఆయన కంటపడకూడదు.

రిహార్సల్ రోజుల్లో ఇంటికొచ్చి చెప్పే కబుర్లే నాకు బాగా గుర్తు. స్క్రిప్టు కాగితాలకు పిన్ను ఉండకూడదు. పేజీ తిప్పితే చప్పుడు మైకులో పడుతుంది. కాబట్టి విడి కాగితాలు. చదవడం అయిన కాగితాన్ని పక్కకి జార్చి, కింద తివాచీ మీద పడేలా వదిలేయాలి. దూరం నుంచి పిలవాలంటే గొంతు తగ్గించడం కాదు, గొంతు అలాగే ఉంచి మైకుకు ఓరగా జరగాలి. రహస్యం చెప్పాలంటే మైకులోకి కాదు, మైకు పక్కనుంచి. గుర్రానికి కొబ్బరి చిప్పలు, ఉరుముకు రేకు, మంటకు నలిపిన సెల్లోఫేన్ కాగితం. ఆయన ఇంట్లో ఆ కాగితం నలిపి చూపిస్తే మా అమ్మ నిజంగానే పొయ్యి వైపు చూసింది.

తప్పు పడితే? ఇప్పుడైతే తెరమీద మౌస్‌తో కోసేస్తారు. అప్పుడు స్పూల్ టేపుని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడిస్తూ మాట మొదలయ్యేచోటు చెవితో పట్టుకోవాలి. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు ముక్కలూ అంటించాలి. నిటారుగా కోస్తే అతుకు దగ్గర 'టప్' మంటుంది. అందుకే ఏటవాలు. అంత శ్రమ ఉంది కాబట్టి ముందే పదిసార్లు చదివి వచ్చేవారు. నండూరి సుబ్బారావు గారి 'గణపతి' నాటకం విన్నవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. చిలకమర్తి వారి నవల చదివినవాళ్ళకి కూడా గణపతి అంటే ఆ గొంతే.

ఒక బాధ కూడా చెప్పాలి. టేపు ఖరీదు, బీరువాలు తక్కువ. చెరిపి మళ్ళీ వాడటం మామూలే. మా మామయ్య నాటకాలు ఒక్కటి కూడా మా దగ్గర లేవు.

మైకు_పిచ్చోడు
ఈ పోస్టు ప్రింటు తీసి స్టూడియోలో అంటిస్తా. ఒక సందేహం సార్, ఊపిరి చప్పుళ్ళ సంగతేంటి? మేం సాఫ్ట్‌వేర్‌తో అన్నీ తీసేస్తాం. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీ కూడా కుదించేస్తాం, వినేవాడు విసుక్కుంటాడని.

తెరవెనుక_మేనల్లుడు
అక్కడే చెడింది. ఊపిరి తీసేస్తే మనిషి పోతాడు. ఖాళీ కుదిస్తే విన్నమాట ఆలోచించుకోవడానికి చోటు పోతుంది. మా మామయ్య ఉంటే మిమ్మల్ని కూర్చోబెట్టి ఉషశ్రీ గారిని వినిపించేవాడు.

అమలాపురం_అవధాని
ఉషశ్రీ గారి పేరెత్తారు కాబట్టి నేనూ వస్తున్నా. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు అంటే ఎంతమందికి తెలుసో గానీ, ఉషశ్రీ అంటే చాలు. రామాయణం, భారతం, ధర్మసందేహాలు. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని చాప పరుచుకునే వేళ. ఆయన కథ చెప్పేది వాడుక తెలుగులో, గ్రాంథికం బరువు లేకుండా. హఠాత్తుగా ఆగేవారు. ఆ ఆగడంలో ద్రౌపది ఏమంటుందోనని మా నాయనమ్మ విసనకర్ర కూడా ఆగిపోయేది. కథ ఆవిడకు కంఠతా వచ్చు!

ధర్మసందేహాలలో జనం ఉత్తరాలు రాసేవారు. పిచ్చి ప్రశ్న అయితే మొహమాటం లేకుండా చురక వేసేవారు. మా ఊళ్ళో కొందరు ఆ చురక తినడానికే కార్డు రాసేవారని ప్రతీతి. 1990లో ఆయన పోయారు. ఇప్పటికీ ఆ రికార్డింగులు ఊరూరా తిరుగుతూనే ఉన్నాయి, అంతర్జాలంలో కూడా.

వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే ఒక్క వాక్యం కూడా తప్పిపోయేది కాదు, ప్రతి ఇంట్లో అదే.

నిక్కచ్చి_నాగు (విశాఖ)
ఈ వీధి చివరి మాట ప్రతి ఊరివాళ్ళూ చెబుతారు గురువుగారూ. మా ఊళ్ళో సగం ఇళ్ళలో రేడియోనే లేదు. 😀

అమలాపురం_అవధాని
లేనివాళ్ళు ఉన్నవాళ్ళ అరుగు మీదకొచ్చేవారు. అందుకే వీధి ఖాళీ!

కొత్తపేట_కుర్రాడు (గుంటూరు)
సంక్షిప్త శబ్దచిత్రం గురించి ఎవరూ రాయలేదు. సినిమా మొత్తాన్ని గంటలోకి కుదించి సౌండుతోనే వినిపించేవారు. మా ఇంట్లో సినిమాలకు పంపేవాళ్ళు కాదు, కాబట్టి నా సినిమాలన్నీ చెవితో చూసినవే. విలన్ ఇల్లు ఎంత ఉంటుందో, మెట్లెక్కడుంటాయో నేనే కట్టుకున్నా. తరవాత పెద్దయ్యాక ఆ సినిమాలు టీవీలో చూస్తే అట్ట గోడలు కనపడ్డాయి. నేను కట్టిన బంగళాలే బాగున్నాయి.

లండన్_లక్ష్మి
నాగు గారి 'పోటీ' వాదానికి ఇక్కడి నుంచి ఒక సాక్ష్యం. బీబీసీలో 'ది ఆర్చర్స్' అని ఒక ధారావాహిక ఉంది. 1951 జనవరి 1 నుంచి దేశమంతటా వస్తోంది, ఇప్పటికీ. అసలు మొదలైంది వ్యవసాయ శాఖ సాయంతో. యుద్ధం తరవాత తిండికి కరువు, రైతులకు కొత్త పద్ధతులు చెప్పాలి, ఉపన్యాసమైతే వినరు, కాబట్టి ఒక పల్లె కుటుంబం కథలో కలిపి చెప్పారు. నిజామాబాద్ అన్న చెప్పిన చిన్నక్క, ఏకాంబరం చేసింది ఇదే కదా!

పోటీ సంగతి: 1955 సెప్టెంబరు 22న ఇక్కడ తొలి ప్రైవేటు టీవీ ఛానల్ మొదలైంది. ఆ సాయంత్రమే ఆర్చర్స్‌లో గ్రేస్ అనే కొత్త కోడలు అగ్నిప్రమాదంలో చనిపోయింది. మర్నాడు పేపర్ల నిండా గ్రేస్ చావే, టీవీ ఛానల్ వార్త వెనక్కిపోయింది. ఇంత కసిగా ఎవరైనా పోటీ పడతారా?

ఇందులో పెగ్గీ పాత్ర వేసిన జూన్ స్పెన్సర్ 2022లో, 103 ఏళ్ళ వయసులో మైకు వదిలారు. ఆ గొంతు ముసలిదవుతుంటే వినేవాళ్ళూ ముసలివాళ్ళయ్యారు. నా పక్కింటి ఆవిడ ఆదివారం పొద్దున వారం ఎపిసోడ్లన్నీ కలిపి వచ్చేది వింటూ ఇస్త్రీ చేస్తుంది. ఆ టైములో తలుపు కొడితే మొహం గంటు పెట్టుకుంటుంది, నాకు రెండుసార్లు అయింది.

మెట్టపొలం (ప్రకాశం)
లక్ష్మి గారు వ్యవసాయం అన్నారు కాబట్టి. తంజావూరు వైపు ఏడీటీ-27 అనే వరి వంగడానికి రైతులు పెట్టుకున్న పేరే 'రేడియో వడ్లు'. ఆ వంగడం సంగతి రేడియోలో విని నాటారు కాబట్టి ఆ పేరు. మా ఇంట్లో పాడిపంటలు వచ్చేటప్పుడు మా తాత మాట్లాడనిచ్చేవాడు కాదు. మందు పేరు, ఎకరాకి ఎంత, ఎన్ని నీళ్ళలో కలపాలి అన్నవి చెప్పేవాళ్ళు తాపీగా రెండోసారి చెప్పేవారు, రాసుకోవడానికి. మా తాతకు రాత రాదు. నేను గోడమీద బొగ్గుతో రాసేవాణ్ణి. ఇప్పుడు వీడియోల్లో చెప్పేవాళ్ళు ఆ ముక్క చెప్పేలోపే 'సబ్‌స్క్రైబ్ చేయండి' వచ్చేస్తుంది.

వేదిక నిర్వాహకుడు
మనవి: పాత రికార్డింగుల ఫైళ్ళు ఇక్కడ అప్‌లోడ్ చేయకండి. హక్కుల గొడవ. ఇప్పటికే రెండు తొలగించాను. చర్చ కొనసాగించండి.

నిక్కచ్చి_నాగు (విశాఖ)
సరే, సిలోన్, ఆర్చర్స్ ఒప్పుకుంటా, పోటీలో నెగ్గినవే. కానీ ఎక్కువకాలం నడిచినదల్లా మంచిదని అనకండి. ఆపే అధికారం ఎవరికీ లేక నడిచినవీ ఉన్నాయి. ఎవరో ఒక అధికారి "నీటి పొదుపు" మీద కాగితం చూసి చదువుతుంటే, దగ్గు కూడా కాగితంలో రాసుకొచ్చినట్టుండేది. కచేరీలో పల్లవి మంచి పట్టులో ఉండగా కోసేసి తరవాతి కార్యక్రమానికి వెళ్ళిపోయేవారు. అవీ ఏళ్ళ తరబడి వచ్చాయి. వాటిని ఈ చర్చలో ఒక్కరూ తలుచుకోలేదు, గమనించారా?

భక్తిరంజని సంగతి వేరు, అది నేనూ వింటా. బాలమురళీకృష్ణ, రజనీకాంతరావు, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం. అంత పెద్దవాళ్ళు పొద్దున్న అరగంట కోసం రామదాసు కీర్తనలకీ, తత్వాలకీ వరసలు కట్టి పాడారు. తత్వాలు అప్పటిదాకా బైరాగుల నోట వినేవాళ్ళం. వాటిని కచేరీ విద్వాంసుడు పాడితే పాట పెద్దదయిందా, చిన్నదయిందా అన్నది వేరే చర్చ. నా మటుకు పెద్దదయింది.

పద్మజ_తెనాలి
నాగు గారి నోట 'నేనూ వింటా' వచ్చిందండోయ్, అందరూ చూశారా?

బాలానందం ముచ్చట ఒకటి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు మద్రాసులో మొదలుపెట్టి తరవాత హైదరాబాద్ వచ్చారు. మా చిన్నాన్న ఒకసారి ఆ కార్యక్రమంలో పద్యం చదివాడు. ఆయన మనవళ్ళకి కూడా చెబుతాడు, పద్యం కాదు, ఎర్రదీపం వెలిగినప్పుడు తుమ్ము ఆపుకోవడం! అన్నయ్య, అక్కయ్య అని పిల్లలు పిలవగలిగే వరస పెట్టుకోవడం ఎంత తెలివి. సార్, మేడమ్ అనిపించుకుని ఉంటే ఇన్నేళ్ళు గుర్తుంటారా?

ఉత్తరాల_ఉమ (కర్నూలు)
మీరు కోరిన పాటలకు కార్డులు రాసినవాళ్ళు ఇక్కడ ఎంతమంది? పాటకంటే ముందు చదివే పేర్ల జాబితా నాకు ముఖ్యం. ఊరు, ఇంట్లో అందరి పేర్లు, చివర్లో "మరియు మిత్రబృందం". హిందీ వైపు ఝుమ్రీ తలైయా అని ఒక చిన్న ఊరు ఉందనే సంగతి దేశానికి తెలిసిందే ఈ ఫర్మాయిషీ కార్డులతో. అక్కడివాళ్ళు పోటీలు పడి రాసేవారట. జనరంజనికి మా అన్నయ్య తన పేరుతోపాటు వెనక వీధి అమ్మాయి పేరు కూడా కలిపి రాశాడు. చదివేశారు! రెండిళ్ళలోనూ రేడియో మోగుతోంది. తరవాత ఏం జరిగిందో అడక్కండి. వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

బోధన్_బిడ్డ (నిజామాబాద్)
వదిన అన్నరు గద, ఇగ అడిగెటందుకు ఏమున్నది అక్కా! 😂

డాలస్_దుర్గ
మాకు ఇక్కడ ఎండాకాలంలో సాయంత్రం ఏడున్నర అయితే అక్కడ పొద్దున ఆరు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ పెట్టుకుని సుప్రభాతం వింటూ రాత్రికి చపాతీలు చేస్తాను. మా అబ్బాయికి అది సాయంత్రం పాట. గుళ్ళో పొద్దున్నే విని "అమ్మా, ఇది డిన్నర్ పాట కదా" అన్నాడు, పూజారి గారు తిరిగి చూశారు. చలికాలం గడియారాలు వెనక్కి జరిపితే గంట ముందుకొస్తుంది, ఆ వారం నా వంట గందరగోళం.

యాప్‌లో శబ్దం శుభ్రంగా ఉంటుంది. వేలకొద్దీ పాటలు నా ఫోనులోనే ఉన్నాయి, అయినా ఇదే పెడతాను. ఇప్పుడు అక్కడ అమ్మ కూడా ఇదే వింటోంది కాబట్టి. ఫోన్‌లో "ఇవాళ ఆ రెండో కీర్తన విన్నావా" అంటుంది. పాడ్‌కాస్టులో ఆ వీలు లేదు, ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు వింటారు.

మైకు_పిచ్చోడు
దుర్గ గారూ, నా దగ్గరికొచ్చే వాళ్ళందరూ "ఎప్పుడైనా వినొచ్చు" అన్నదే మా గొప్ప అని చెప్పుకుంటారు! పద్మజ గారు మొదట అన్నదీ, మీరన్నదీ కలిపి చూస్తే మేం అమ్ముతున్న సౌకర్యమే మా కొంప ముంచుతున్నట్టుంది.

ఈ నెలలో ఒక కొత్త కథల కార్యక్రమం మొదలవుతోంది. గురువారం రాత్రి తొమ్మిదికి, ఒక్క నిమిషం అటూ ఇటూ లేకుండా విడుదల చేద్దామని వాళ్ళతో మాట్లాడాను. ముందే పన్నెండు భాగాలు రికార్డు చేసి చేతిలో ఉంచుకోవాలన్నది నా షరతు. ఊపిరులు తీయను. ఉత్తరాలకు వాట్సాప్ నంబరు పెట్టి, వాళ్ళ పేరూ ఊరూ చదువుదామని ఉంది.

తెరవెనుక_మేనల్లుడు
పేర్లు చదివేటప్పుడు గబగబా లాగించకండి. ఊరి పేరు తప్పుగా పలికితే ఆ ఊరు మొత్తం పోతుంది. అనుమానముంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

నిక్కచ్చి_నాగు (విశాఖ)
గురువారం తొమ్మిదికి క్రికెట్ ఉంటే?

మైకు_పిచ్చోడు
అయినా వస్తుంది సార్.

నిక్కచ్చి_నాగు (విశాఖ)
చూద్దాం. మూడు నెలల తరవాత ఈ చర్చలోనే అడుగుతా.

కొత్తపేట_కుర్రాడు (గుంటూరు)
కాస్త పక్కదారి. మా తాతగారి పాత సెట్టు దించాను, వెలుగుతోంది గానీ విజయవాడ దగ్గర గరగర తప్ప ఏమీ రావట్లేదు. గుంటూరులో బాగుచేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

సిలోన్_అభిమాని (నెల్లూరు)
బాగుచేయించే ముందు గదిలో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జరు, ఫ్యాను రెగ్యులేటరు అన్నీ ఆపేసి చూడండి. మీడియంవేవ్‌కి అసలు శత్రువులు అవే. ముల్లు విజయవాడ వచ్చే 837 మీద పెట్టి సెట్టుని నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి, లోపలి ఏరియల్ కడ్డీ ఒక దిక్కుకే బాగా పట్టుకుంటుంది. గరగర తగ్గిన వైపు ఆపండి. పగలు రాకపోతే పొద్దుగూకాక ప్రయత్నించండి, అప్పుడు దూరపు స్టేషన్లూ అందుతాయి. అప్పటికీ రాకపోతే కండెన్సర్లు పోయి ఉంటాయి, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. వెనక అట్ట విప్పేముందు ప్లగ్గు పీకండి.